తూము కాడి మనిషి

మీ ఊళ్లో చెరువుంటే ఒక చిన్న ప్రశ్న. దాని తూము ఎవరు తెరుస్తారు? ఎప్పుడు మూస్తారు? ఎవరి పొలానికి ముందు నీళ్లు, ఎవరికి తర్వాత అన్నది ఎవరు తేలుస్తారు?

మా టీమ్‌లో పల్లెల నుంచి వచ్చిన అయిదుగురిని ఇదే అడిగాను. ఒకరు "గవర్నమెంటోళ్లు ఉంటారు కదా" అన్నారు. ఇంకొకరు "చెరువు నిండితే అవే వస్తాయి అనుకుంటా" అన్నారు. ఒకతను ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాడు. తప్పు వాళ్లది కాదు. బాగా నడుస్తున్న పని వెనక మనిషి ఎప్పుడూ కనబడడు. యాప్ పడిపోయినప్పుడే కదా మనం కూడా గుర్తొచ్చేది!

ఎప్పుడూ ఈ కాలమ్‌లో జీతాలు, మేనేజర్లు, అద్దె ఇళ్ల కష్టాలు రాస్తుంటాను. ఈ వారం మా తాత గురించి. మొన్ననే ఆయన సంవత్సరీకం పెట్టాం. ఆయన మా ఊరి నీరటి.

నీరటి అంటే తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. తెలంగాణలో ప్రతి పాత చెరువుకూ ఒక నీరటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, కాలువల్లో అడ్డాలు తీయడం, ఆయకట్టులో ఒక్కో మడికి వంతు ప్రకారం నీళ్లు పారించడం, వానాకాలం రాత్రుళ్లు కట్టకు కాపలా కాయడం ఆయన పని. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల కాలపు చెరువుల గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. రాజులు తవ్వించారు, నిజమే. కానీ వందల ఏళ్లపాటు వాటి నీళ్లను మడి మడికీ చేర్చింది ఇలాంటి మనుషులే. శాసనాల్లో తవ్వించిన వాళ్ల పేర్లుంటాయి. తూము తెరిచిన వాళ్ల పేర్లు వెతికినా దొరకవు.

మాది మహబూబాబాద్ జిల్లా. మా చెరువు పెద్దదేం కాదు, గొలుసుకట్టులో మధ్యది. పై చెరువు మత్తడి పోస్తే మాది నిండుతుంది, మాది మత్తడి పోస్తే కింది ఊరిది నిండుతుంది. మా ఇల్లు ఎస్సీ వాడలో. చాలా ఊళ్లలో లాగే మా ఊళ్లో కూడా నీరటి పని దళిత కుటుంబాల చేతిలోనే ఉండేది. తాత వాళ్ల నాయిన చేశాడు, తర్వాత తాత చేశాడు.

ఎందుకు మన వాళ్లకే ఇచ్చారని ఒకసారి అడిగాను. తాత బీడీ ఆర్పి నవ్వాడు. "మనకు భూమి లేదు కదరా. భూమి ఉన్నోనికి తూము చేతికిస్తే ముందు వాని మడే పారుతది. ఏమీ లేనోడైతేనే అందరికీ సమానంగ ఇస్తడని పెద్దోళ్ల లెక్క."

నేను ఇంజనీరింగ్‌లో చాలా సిస్టమ్స్ గురించి చదివాను. ఇంత తెలివైనదీ, ఇంత అన్యాయమైనదీ ఒకే మాటలో ఉండటం ఇంకెక్కడా చూడలేదు.

తాత ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1942 జనవరి 1. ఆ తరం వాళ్లందరూ జనవరి ఒకటినే పుట్టారు కాబట్టి దాన్ని అంతగా నమ్మనక్కర్లేదు. మీసాలు రాకముందే తూము కర్ర పట్టాడట. పాత రాతి తూము ఎలా ఉంటుందంటే, చెరువు లోపలి వైపు రెండు రాతి స్తంభాలు, మధ్యలో నిలువు కర్ర, దాని చివర బిరడా లాంటి చెక్క మొద్దు. కర్ర లేపితే అడుగున రంధ్రం తెరుచుకుని నీళ్లు కట్ట కింద నుంచి కాలువలోకి వస్తాయి. చెత్త అడ్డం పడి మొద్దు కదలకపోతే నీళ్లలో మునిగి తీయాలి. మర తిప్పే ఇనుప షట్టర్ చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. అప్పటిదాకా తాత ఊపిరే ఆ తూముకు తాళంచెవి.

మా భాషలో చెప్పాలంటే ఆయన లోడ్ బ్యాలెన్సర్. తేడా ఏంటంటే, సర్వర్లకు కోపం రాదు, రైతులకు వస్తుంది. నాకు నెలలో ఒక వారం ఆన్‌కాల్ ఉంటేనే ముఖం వాడిపోతుంది. తాతకు యాభై ఏళ్లు ఆన్‌కాల్. అర్ధరాత్రి నీళ్ల వంతు మారాలంటే గొంగడి కప్పుకుని, కందిలి పట్టుకుని, పార భుజాన వేసుకుని పోవాల్సిందే. తర్వాత టార్చిలైటు వచ్చింది. పాములు మాత్రం అవే.

ఆ పనిలో లెక్క కూడా ఉంది. ఎకరం మడిలో రెండంగుళాల ఎత్తు నీళ్లు నిలబడాలంటే దాదాపు రెండు లక్షల లీటర్లు కావాలి. మీ అపార్ట్‌మెంట్‌కు ఎండాకాలం వచ్చే పది వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై అన్నమాట. అదీ ఒక్క తడికే. చెరువు సగమే నిండిన ఏడాది యాసంగికి అందరూ నాట్లేస్తే అందరివీ ఎండుతాయి. అందుకే ముందే ఊరు కూర్చుని తైబందీ ఖరారు చేసుకుంటుంది: ఈసారి ఉన్న నీళ్లకు ఇన్ని ఎకరాలే, ఒక్కొక్కరు తమ భూమిలో ఇంత భాగమే వేయాలి. ఎన్ని ఎకరాలన్నది చెప్పేది తాత. తూము రాళ్ల మీద ఆయన గుర్తులుండేవి. నీళ్లు ఫలానా గాటు దగ్గరుంటే ఎన్ని తడులు వస్తాయో నోటికి చెప్పేవాడు. సంతకం పెట్టడం మాత్రం మా నాయిన నేర్పితే నేర్చుకున్నాడు.

జీతం? కోతలయ్యాక కళ్లాల దగ్గరికి పోతే ఎకరానికి ఇంత అని వడ్లు కొలిచేవాళ్లు. దాన్ని మేర అంటారు. కొందరు నిండుగా కొలిచేవాళ్లు, కొందరు తాలు కలిపి కొలిచేవాళ్లు. ఎవరి పొలాలకు రాత్రంతా నీళ్లు పెట్టాడో వాళ్ల ఇళ్లలోనే ఆయన చాయ్ తాగే గ్లాసు వేరే ఉండేది. అది చూరులో దోపి ఉండేది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే దోపి రావాలి. తనకంటే ఇరవై ఏళ్లు చిన్నోళ్లు "ఒరేయ్" అని పిలిచేవాళ్లు. ఈ మాటలు తాత ఎప్పుడూ చెప్పలేదు, నాయినమ్మ చెప్పింది. ఆయన దగ్గర ఈ సంగతి ఎత్తితే "నీళ్లకు తెల్వదురా ఎవని మడో" అని మాట మార్చేవాడు.

ఇప్పటిదాకా చదివితే తాత దేవుడిలా కనబడుతున్నాడు కదా? పోయిన వాళ్ల గురించి రాస్తే ఎక్కువగా ఇలాగే వస్తుంది. కానీ ఊరికి మంచి మనిషైన ప్రతివాడి ఇంట్లో, ఆ మంచితనానికి బిల్లు కట్టిన వాళ్లు కూడా ఉంటారు. మా ఇంట్లో ఆ బిల్లు కట్టింది మా నాయిన.

మేర వడ్లు అమ్మి కూడబెట్టి, నాయినమ్మ వెండి కడియాలు కూడా అమ్మి, తాత ఒక ఎకరం కొన్నాడు. అదే చెరువు కింద, కాలువ చివరి మడుల్లో. భూమి లేనోడికి భూమి వచ్చింది. కొన్న రోజే తాత ఊరందరి ముందు ఒక మాట చెప్పాడట: "ఇగ నుంచి నా మడికి ఆఖరి వంతు." ఎవరూ అడగలేదు. ఆయనే చెప్పాడు.

1987లో దేశమంతా కరువు. మా చెరువులో నీళ్లు అడుగంటాయి. నాయిన అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. మా ఎకరం పొట్ట దశలో ఉంది. వరికి ఆ దశలో నీళ్లందకపోతే కంకి బయటికి వచ్చినా గింజ పట్టదు. ఒక రాత్రి నాయిన పార తీసుకుని వెళ్లి కాలువ మడవ మా పొలం వైపు తిప్పాడు. కొద్దిసేపటికే తాత వచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు. పార తీసుకుని మడవ మూసేశాడు.

"నీళ్లు పంచేటోడే ముందు తన మడి తడుపుకుంటే రేపు నా మాట ఎవడు వింటడు?"

"మాట తింటమా?" అన్నాడట నాయిన.

ఆ ఏడు మా పంట ఎండింది. ఫీజుకు, హాస్టల్‌కు డబ్బుల్లేవు. నాయిన చదువు ఆపేసి హైదరాబాద్ వెళ్లి ఏడాదిపాటు సెంట్రింగ్ పని చేశాడు. తిరిగి వచ్చాక ఐటీఐ చేసి డిపోలో మెకానిక్ అయ్యాడు. డిగ్రీ చేసి టీచర్ కావాలన్నది మాత్రం అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత ముప్పై ఏడేళ్లు తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో అన్నం తిన్నారు, పండగలు చేశారు, నా ఇంజనీరింగ్ ఫీజుకు ఇద్దరూ కలిసి డబ్బులు జమ చేశారు. ఆ రాత్రి గురించి మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నాకీ సంగతి తెలిసింది తాత పోయాకే.

తొంభైల తర్వాత బోర్లు వచ్చాయి. ఎవరి పొలంలో వాళ్లకు మోటార్, ఎవరి స్టార్టర్ వాళ్ల చేతిలో. "మా బోరు నీళ్లతోని పారిచ్చుకున్నం, నీకు మేరెందుకు?" అన్నారు. అడిగిన దాంట్లో తప్పు లేనట్టే ఉంటుంది. కానీ చెరువు నిండితేనే ఆ బోర్లలో నీళ్లుంటాయి. కట్ట తెగితే చెరువు నిలవదు, చెరువు నిలవకపోతే రెండేళ్లలో బోర్లు గాలి కక్కుతాయి. ఇది తెలిసినా మేర ఇచ్చేవాళ్లు తగ్గుతూ పోయారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. రైతుకు అది పెద్ద ఊరట, కాదనను. కానీ రాత్రి వంతుల కోసం చెరువు కట్ట దగ్గర కలిసే నలుగురు కూడా అప్పటి నుంచి కలవడం మానేశారు. ఎవరి నీళ్లు వాళ్లకు ఉన్నాక, పంచే మనిషితో పనేముంది?

తాత మాత్రం పని మానలేదు. ఉపాధి హామీ వచ్చాక, యాభై ఏళ్లు కాపలా కాసిన చెరువులోనే కూలీగా పూడిక తీశాడు. 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను బాగు చేయాలన్నది ఆ పథకం లక్ష్యం. మా చెరువు పని మొదలైనప్పుడు పొక్లెయిన్ డ్రైవర్ పక్కన నిలబడి ఎక్కడ తవ్వాలో, ఎక్కడ తవ్వకూడదో చెప్పింది తాతే. కట్ట మొదట్లో లోతుగా తవ్వితే కట్టకే ముప్పని అతనితో రోజూ గొడవ. మూడో రోజుకు ఆ డ్రైవరే ఇంటికొచ్చి "తాతా, రా, ఇయ్యాల ఎక్కడ గీకాలె" అని పిలుచుకుపోయాడు. పొద్దంతా నిలబడినందుకు తాతకు రూపాయి రాలేదు. నాయినమ్మ సద్ది కట్టిస్తూ తిట్టేది, తిడుతూ కట్టిచ్చేది.

ఇక 2024 ఆగస్టు 31 రాత్రి. మా వైపు వాళ్లెవరూ మరిచిపోలేరు. ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల మీద ఆకాశం కూలినట్టు వాన. తెల్లారేసరికి కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. చుట్టుపక్కల చాలా చెరువులకు గండ్లు పడ్డాయి. ఆ శనివారం నేను ఊళ్లోనే ఉన్నాను.

రాత్రి ఒంటిగంటకు నలుగురు కుర్రాళ్లు తడిసిపోయి ఇంటికొచ్చారు. కట్ట వెనక వైపు నుంచి నీళ్లు ఊరుతున్నాయి, ఏం చేయాలి? ఒకతను ఫోన్‌లో తీసిన వీడియో చూపించాడు. తాత అప్పటికి మంచం దిగే స్థితిలో లేడు. ఫోన్ పక్కకు నెట్టాడు.

"గండ్ల రంగు తెల్వదురా. బాటిల్ల పట్టుకరాండ్రి."

వాళ్లు పరుగెత్తి వాటర్ బాటిల్‌లో పట్టుకొచ్చారు. తాత దాన్ని బల్బు ముందు పెట్టి చూశాడు. అడుగున మట్టి దిగుతోంది.

దీని అర్థం ఏంటంటే, మట్టి కట్టలో ఎంతో కొంత ఊట మామూలే. తేట నీళ్లు వస్తే భయం లేదు. బురద నీళ్లు వస్తే మాత్రం కట్ట లోపలి మట్టి కరిగి బయటికి వస్తోందని, లోపల సొరంగం పడుతోందని అర్థం. ఎండ్రకాయలు, పందికొక్కులు చేసిన బొక్కలతోనో, ఎండిన చెట్ల వేర్ల దారిలోనో మొదలవుతుంది. దాన్ని మా దగ్గర బుంగ అంటారు. వదిలేస్తే కొన్ని గంటల్లో గండి.

"బయట మూస్తే ఆగదు, పక్కనుంచి తన్నుకొస్తది. లోపలి నోరు దొరకవట్టాలె. కట్ట మైసమ్మ కాడికెంచి తూము దిక్కు నలభై అడుగులు పోండ్రి, పాత తుమ్మచెట్టు కొట్టేసిన జాగ. ఆడ సూడుండ్రి, నీళ్లు సుడి తిరుగుతుంటయి."

అక్కడే ఉంది. లోపలి వైపు గడ్డి మోపులు, మట్టి బస్తాలు వేసి నోరు మూశారు. బయటి వైపు ఊట చుట్టూ ఇసుక బస్తాలు వలయంగా పేర్చి, నీళ్లు పోయినా మట్టి పోకుండా చేశారు. తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ బాటిల్ తెచ్చారు. ఈసారి తేటగా ఉంది. తాత చూసి, "ఇగ పండుకోండ్రి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తుమ్మచెట్టు కొట్టేసి పాతికేళ్లయింది. దాని వేర్లు ఎక్కడ కుళ్లుతున్నాయో రికార్డు ఏ ఆఫీసులోనూ లేదు, ఏ శాటిలైట్ మ్యాప్‌లోనూ లేదు. ఒక ముసలాయన తలకాయలో ఉంది. కింద అరవై ఇళ్లున్నాయి.

తర్వాతి సంక్రాంతి దాటాక తాత నిద్రలోనే వెళ్లిపోయాడు. ఒకప్పుడు గ్లాసు వేరే పెట్టిన ఇళ్ల వాళ్లు కూడా మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నారు, మా ఇంట్లో చాయ్ తాగారు. అందరూ కాదు. కొందరు దూరం నుంచే దండం పెట్టి పోయారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

వచ్చిన వాళ్లలో ఒక పెద్దమ్మ, తాత పొలం పక్క మడి వాళ్లు. నాయిన చెయ్యి పట్టుకుని ఏడుస్తూ చెప్పింది. "ఆ కరువు ఏడు మీ నాయిన మా మడికి నీళ్లు ఇడిసిండు బిడ్డా. ఆ గింజలతోనే మా పెద్దదాని లగ్గం చేసినం. మీది ఎండిందని మాకు తెల్సు." నాయిన ఏమీ అనలేదు.

మొన్న సంవత్సరీకం రాత్రి, చుట్టాలందరూ పడుకున్నాక, నాయిన ఆ రాత్రి సంగతంతా నాకు చెప్పాడు. "మరి ఇప్పుడు కోపం పోయిందా?" అన్నాను.

"పోలే. కాని నా ఏడాది ఎటు పోయిందో తెల్సింది."

నాకు ఆ జవాబు నచ్చింది. చనిపోయారు కదా అని అన్నీ క్షమించేసి ఫొటోకు దండ వేయడం కంటే ఇది నిజాయితీగా ఉంది. తాత చేసింది సరైనదేనని నేను అనుకుంటాను. కానీ అలా అనుకోవడం నాకు సులువు, ఎందుకంటే ఆ చదువు ఆగింది నాది కాదు.

వరదల తర్వాత వచ్చిన దసరాకు నేను చేసిన పని ఒకటి మీకు చెప్పాలి. తాతను మంచం మీద కూర్చోబెట్టి నలభై నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేశాను. "ఎట్లున్నవ్, తిన్నవా" అని కాదు. "తూము గాట్లు ఏది దేనికి? బుంగలు ఎక్కడెక్కడ పడ్డయి? మత్తడి ఎంత ఎత్తు పోస్తే కింది ఊరికి చెప్పాలె?" అని. మామూలుగా రెండు మాటలకే అలిసిపోయే మనిషి, ఆ రోజు నన్ను ఆపనివ్వలేదు. ఆ రికార్డింగ్ విని కట్ట బొమ్మ గీసి, బుంగలు పడిన చోట్లన్నీ గుర్తు పెట్టి ఊరి గ్రూపులో పెట్టాను. ఇప్పుడు అది పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి వాళ్లు ఉండే ఉంటారు. మగ్గం నేసిన నానమ్మ, బాయిలో బొగ్గు తవ్విన తాత, పడవ నడిపిన పెద్దనాన్న. ఈసారి ఇంటికి పోయినప్పుడు ఆరోగ్యం గురించి అడిగాక, పని గురించి కూడా అడగండి. ఎలా చేసేవాళ్లు, ఎక్కడ తేడా కొట్టేది, తెలియని వాడికి ఎలా చెబుతారు అని. మందుల గురించి అడిగితే మూలుగుతారు, పని గురించి అడిగితే లేచి కూర్చుంటారు. ఇంకొకటి. ఆ మంచితనానికి ఇంట్లో ఎవరు ఏం వదులుకున్నారో కూడా అడగండి. అది తెలిస్తేనే వాళ్ల బతుకు పూర్తిగా తెలిసినట్టు.

ఇప్పుడు మా చెరువుకు నీరటి లేడు. ఆ రాత్రి వచ్చిన నలుగురు కుర్రాళ్లే వంతులేసుకుని చూస్తున్నారు. ఎకరానికి ఇంత అని డబ్బులిస్తామని రైతులు ఒప్పుకున్నారు. మొదటి పంటకు చాలామంది ఇచ్చారు, రెండో పంటకు సగం మందే ఇచ్చారు. ఇది ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి. ఆ నలుగురిలో ఇద్దరి పొలాలు ఆ చెరువు కిందే ఉన్నాయి. వాళ్లకు ఆఖరి వంతు అని గ్రూపులో నియమం పెట్టింది మా నాయిన.

వీక్లీ ఆఫ్ రోజు ఆయన కూడా కట్ట మీదికి పోతున్నాడు. పోయిన వారం ఫోన్ చేసి, ఛార్జింగ్ టార్చిలైటు మంచిది చూసి ఆర్డర్ పెట్టమన్నాడు. రెండు పెట్టాను.